దీపపు గూడూ, జెండా పాటా

మొన్న సంక్రాంతికి తల్లాడ వెళ్ళినప్పుడు మా మేనల్లుడు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఇరవై ఆరేళ్ళవాడు, ఇంజనీరింగు చదివాడు, హైదరాబాదులో ఒక చిన్న కొలువు చేస్తున్నాడు. ఆ కొలువు మానేసి సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టుకోవాలని వాడి సంకల్పం. కాగితం మీద ఒక పట్టీ ఉంది. ఎడమవైపు విషయాల పేర్లు, కుడివైపు ఆ విషయం మీద వచ్చే ప్రకటనను పాఠకుడు ఒకసారి నొక్కితే సైటు యజమానికి దక్కే సొమ్ము. అన్నిటికంటే పైన బీమా, ఆ కింద అప్పులు, క్రెడిట్ కార్డులు, విదేశీ చదువులు. అట్టడుగున వ్యవసాయం, సాహిత్యం. రుసుము కట్టి చేరిన ఏదో శిక్షణలో ఇచ్చారట.

"మామా, పైనున్న నాలుగిట్లో ఏది పట్టుకుంటే పదేళ్ళు నిలబడుద్దో చెప్పు" అన్నాడు.

ఆ "పైనున్న నాలుగిట్లో" అన్న మాట దగ్గరే నాకు తగాదా. వాడితో మూడు రోజులు వాదించాను. వాదన పూర్తి కాకుండానే పండుగ అయిపోయింది. మిగిలినది ఇక్కడ రాస్తున్నాను. వాడి వయసువాళ్ళు, వాడి లాంటి పట్టీ చేతబట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు గనుక.

ముందు మాట అర్థం చూద్దాం. ఒక సైటు తనకంటూ ఎంచుకునే విషయాన్ని ఇంగ్లీషులో 'నిచ్' అంటారు. గోడలో వదిలిన గూడు అని ఆ మాటకు మొదటి అర్థం. మన పాత ఇళ్ళలో దీపపు గూడు ఉండేది. మట్టిగోడ లేపేటప్పుడే దానికి చోటు వదిలేవారు. గాలి నేరుగా కొట్టకూడదు, ఇంట్లోవాళ్ళు రాత్రిపూట మసలే దారిలో వెలుగు పడాలి, చమురు పోయడానికి చెయ్యి అందాలి. ఆ ఇంటిని ఎరిగినవాడే ఆ చోటు చెప్పగలడు. ఊళ్ళో అందరి ఇళ్ళకూ ఒకే కొలత పట్టీ ఇచ్చి, ఇక్కడే గూడు పెట్టండి అని చెప్పిన మేస్త్రిని నేను ఎరగను. జాలంలో మాత్రం అలాంటి మేస్త్రీలు బహుళంగా ఉన్నారు.

ఇక పట్టీ సంగతి. ఖమ్మం మిర్చి యార్డు ఎరిగినవారికి జెండా పాట అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఎరగనివారి కోసం: పొద్దున్నే ఒక మేలైన రాశి దగ్గర వ్యాపారులు వేలం పాడతారు. అక్కడ తేలిన ధర ఆ రోటి జెండా పాట. మర్నాడు పత్రికలో అచ్చయ్యేది అదే. ఊళ్ళల్లో కల్లాల దగ్గర చెప్పుకునేదీ అదే. ఆ ధర నిజమే, ఎవరో ఒక రైతుకు అది దక్కే ఉంటుంది. తక్కిన బస్తాలకు మాత్రం తేమ ఉందనీ, తాలు కలిసిందనీ, రంగు తగ్గిందనీ కోతలు పడి, ఆ ధర అందని రైతులే ఎక్కువ. పత్రికలో చూసిన ధరతో ఇంటి లెక్క వేసుకున్నవాడు సాయంత్రం యార్డు గేటు దగ్గర ఆ లెక్కను మళ్ళీ మొదటినుంచి వేసుకోవలసి వస్తుంది.

మా వాడి చేతిలోని పట్టీ జాలంలోని జెండా పాట. బీమా అన్న మాటకు అంత ధర పలికేది ఎక్కడ? అమెరికాలోనో లండనులోనో కూర్చుని, ఇంగ్లీషులో వెతికి, ఆ పూటే పాలసీ కొనబోయే మనిషి కోసం కంపెనీలు పోటీ పడి పాడే చోట. తల్లాడలో ఫోను పట్టుకుని తెలుగులో బీమా అని వెతికే మనిషి ఎవరు? తెలంగాణలో 2018 ఆగస్టు 15న రైతు బీమా మొదలైంది. రైతు చనిపోతే ఆ కుటుంబానికి ఐదు లక్షల రూపాయలు ఇచ్చే పథకం అది. భర్త పోయిన ఇల్లాలి కొడుకు, నామినీ పేరు తప్పుపడితే ఎవరిని కలవాలో తెలియక వెతుకుతాడు. అతను ఏ పాలసీ కొనడు. అతని కోసం ఏ కంపెనీ పాట పాడదు. మాట ఒకటే, బీమా. పలికే ధర మాత్రం మాటది కాదు, ఆ మాట వెనకనున్న మనిషి కొనుగోలు శక్తిది. పట్టీ ఇచ్చినవారు ఈ సంగతి చెప్పలేదంటే వారికి తెలియదనుకోవాలి, లేదా తెలిసి దాచారనుకోవాలి. రెండూ మెచ్చుకోదగినవి కావు.

రెండో సంగతి. రేటు పట్టీ అందరికీ ఒకేసారి కనిపిస్తుంది. 2016లో మిర్చి క్వింటాలు పది వేలు దాటి పలికింది. ఆ ధర అందరూ చూశారు, మరుసటి పంటకు అందరూ మిర్చే వేశారు. 2017 ఏప్రిల్ నాటికి ధర మూడు నాలుగు వేలకు దిగజారింది. ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతుల కడుపుమంట మిర్చి మంటగా మారింది. మార్కెట్ కార్యాలయం ధ్వంసమైంది. ఆ కేసులో అరెస్టయిన రైతులను మే నెలలో సంకెళ్ళతో కోర్టుకు తీసుకువెళ్ళిన దృశ్యం ఈ జిల్లా మరచిపోయేది కాదు. ఆ రైతులు మూర్ఖులు కారు. కళ్ళముందున్న ఒకే ఒక్క సూచనను బట్టి నడిచారు. ఆ సూచన నిరుటిది. ఇంకో లక్షమంది కళ్ళముందు కూడా అదే ఉంది.

జాలంలో ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున నడిచింది. డిమాండ్ మీడియా అని అమెరికాలో ఒక సంస్థ ఉండేది. జనం ఏ మాటలు వెతుకుతున్నారు, ఆ మాటలకు ప్రకటన రేటు ఎంత అని యంత్రం చేత లెక్క కట్టించి, లాభం తేలిన శీర్షికలకు మాత్రమే కూలికి వ్యాసాలు రాయించింది. ఇంతకంటే శాస్త్రీయంగా విషయం ఎంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. 2011 జనవరిలో న్యూయార్క్ స్టాక్ మార్కెట్టుకు ఎక్కినప్పుడు దాని విలువ వంద కోట్ల డాలర్లు దాటింది. నెల తిరగకముందే, ఫిబ్రవరిలో గూగుల్ 'పాండా' పేరుతో తన శోధన పద్ధతి మార్చి, ఇటువంటి పుటలను కిందికి తోయడం మొదలుపెట్టింది. ఆ సంస్థ ఆ ఎత్తులో నిలవలేకపోయింది. కొన్నేళ్ళకు పేరే మార్చుకుంది. లెక్కలో తప్పు లేదు. లెక్క తప్ప మరేమీ లేకపోవడమే తప్పు.

నా సంగతీ చెప్పుకోవాలి, లేకపోతే ఇది ఒడ్డున కూర్చుని చెప్పే ఈత పాఠమవుతుంది. 2013లో నేనొక ఉద్యోగ ప్రకటనల సైటు పెట్టాను. నాకు ఆ విషయం మీద ఆసక్తి లేదు. జనం ఎగబడి చదువుతారని ఎవరో చెప్పారు, నమ్మాను. తెలుగు పుటల మీద యాడ్‌సెన్స్ ప్రకటనలకు గూగుల్ అధికారికంగా తలుపు తీసింది 2018లో. అందుచేత నేను అరకొర ఇంగ్లీషులో రాసేవాణ్ణి. నేను రాత్రి కూర్చుని ఎక్కించే ప్రకటన పొద్దుటికే ఈనాడు ప్రతిభలోనూ సాక్షి విద్య పుటల్లోనూ, నాకంటే తప్పులు తక్కువగా, వివరం ఎక్కువగా ఉండేది. వాళ్ళకు విలేకరులున్నారు, నాకు నిద్రమత్తు ఉంది. రెండేళ్ళు ఈడ్చాను. ఒక ఏడు పేరు పునరుద్ధరణకు డబ్బు కట్టడం మరిచాను. నిజానికి మరవలేదు, కట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు ఆ చిరునామాలో ఎవరో పందేల ఆట నడుపుతున్నారు. నా సైటు చచ్చిపోయిందని ఒక్క మనిషి కూడా నాకు ఉత్తరం రాయలేదు. విషయం ఎంపికలో నేను తప్పానని నాకు తెలిసింది ఆ మౌనం వల్లనే.

"సరే మామా, మిర్చి ఏడాది పంట. నేనడిగేది పదేళ్ళ పంట, పామాయిల్ లాంటిది" అన్నాడు మా వాడు. మంచి మాటే. సత్తుపల్లి, అశ్వారావుపేట, దమ్మపేట దారిలో పోతుంటే కనుచూపు మేర అవే తోటలు. నాటిన మూడు నాలుగేళ్ళకు కాపు మొదలై, పాతికేళ్ళకు పైగా గెలలు వేస్తుంది. కోతులు పెద్దగా ముట్టవు, కూలీల అవసరం తక్కువ. దీర్ఘకాలిక లాభానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అయితే పామాయిల్ రైతు మెడ మీద ఒక కాడి ఉంది. కోసిన గెలను నిలవ ఉంచడానికి లేదు. ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత చెడుతుంది. ఏ ప్రాంతపు గెలలు ఏ మిల్లుకు పోవాలో 1993 నాటి చట్టం ప్రకారం కేటాయింపు ఉంటుంది. అంటే కొనేవాడు ఒక్కడే. ధర నెలనెలా కట్టేది ముడినూనె ధరను బట్టి. 2022 ఏప్రిల్ చివర ఇండొనేషియా తన పామాయిల్ ఎగుమతులను ఆపింది. మే నెలలో ఇక్కడ టన్ను గెలలు 23 వేలు దాటాయి. ఇండొనేషియా నిషేధం ఎత్తేసింది. ఏడాది తిరిగేసరికి అదే టన్ను 13 వేల దరికి వచ్చింది. చెట్టు అదే, నేల అదే, రైతు కష్టమూ అదే. జకార్తాలో ఎవరో తీసుకున్న నిర్ణయం దమ్మపేటలో తోట విలువను కట్టింది.

కాబట్టి పంట దీర్ఘకాలికమైతే చాలదు, కొనేవారు కూడా ఒకరికి మించి ఉండాలి. సైటుకు వచ్చే పాఠకులందరూ ఒకే శోధన యంత్రం ద్వారా వస్తూ, డబ్బంతా ఒకే ప్రకటనల సంస్థ నుంచి వస్తుంటే ఆ సైటు యజమాని ఒకే మిల్లుకు కట్టుబడిన రైతు. ఇందుకు నిజమైన ఉదాహరణ ఉంది. హౌస్‌ఫ్రెష్ అనే చిన్న సైటు ఇంట్లో గాలి శుద్ధి చేసే యంత్రాలను తెచ్చి, స్వయంగా పరీక్షించి, ఫలితాలు రాసేది. చేసేది నిజాయితీ పని, విషయం ఎంపిక కూడా చక్కనిదే. 2024లో గూగుల్ మార్పుల తరువాత శోధన ద్వారా వచ్చే తమ పాఠకుల్లో పదింట తొమ్మిది వంతులు పోయారని వాళ్ళే రాసుకున్నారు. ఆ ఏడాది ఆగస్టు నుంచి మన దేశంలోనూ గూగుల్ చాలా ప్రశ్నలకు తానే కృత్రిమ మేధతో జవాబు కూర్చి పైన పెడుతోంది. జవాబు అక్కడే దొరికితే మన గుమ్మం దాకా వచ్చేవారు తగ్గుతారు. ఎవరైనా ఎక్కడైనా రాయగల విషయాన్ని ఎంచుకున్నవాడికి ఇది చావుదెబ్బ.

ఇప్పుడు కాస్త మనవైపు తిరుగుతాను. మా వాడి పట్టీని ఎగతాళి చెయ్యడం నాకు తేలికే, మీకూ నచ్చుతుంది. లేఖినిలో టైపు చేసుకుంటూ, కూడలిలో ఒకరి రాతలు ఒకరం వెతుక్కుంటూ ఎదిగినవాళ్ళం. డబ్బు ప్రసక్తి వస్తే ముక్కు మూసుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఈ అలవాటును నేను ఇకమీదట గౌరవించలేను. 1998లో మొదలైన ఈమాట ఇన్నేళ్ళు నిలిచిందంటే, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నిలిచిందంటే, వాటి వెనక ఒకరి తరువాత ఒకరు చెయ్యి వేసే స్వచ్ఛంద బృందాలున్నాయి. ఒంటరిగా పెట్టిన సైట్ల సంగతి? 2009 అక్టోబరులో యాహూ జియోసిటీస్‌ను మూసినప్పుడు ఉచితపు గోడల మీద గూళ్ళు కట్టుకున్నవారందరి దీపాలూ ఒక్క పూటలో ఆరిపోయాయి. ఆ తరువాత కూడా ఎన్ని మంచి తెలుగు సైట్లు, ఏడాదికి వెయ్యి రూపాయలు కట్టే దిక్కు లేక మూతపడ్డాయో మీకు తెలుసు. మన పాత టపాల్లోని లంకెలు నొక్కి చూడండి. లాభం అక్కరలేదన్నవారి గూళ్ళలో ఇప్పుడు బూజు ఉంది. దీపానికి చమురు కావాలి, చమురుకు డబ్బు కావాలి. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళం, కుర్రవాళ్ళను అడ్డగోలు శిక్షణల పాలు చేస్తున్నాం. వాళ్ళు ముందు మనల్నే అడిగారు. మనం నవ్వి ఊరుకున్నాం.

మరి లాభమూ, దీర్ఘాయువూ రెండూ ఉన్న విషయం ఎలా ఎంచుకోవాలి? మా వాడికి మూడు ప్రశ్నలు రాసి ఇచ్చాను.

మొదటిది: ఈ సంవత్సరం వచ్చిన పాఠకుడు వచ్చే ఏడు ఇంకో ప్రశ్నతో మళ్ళీ రావలసిన అవసరం ఉందా? పరీక్ష ఫలితం చూసినవాడు తిరిగి రాడు. పంట వేసినవాడు నారు నుంచి అమ్మకం దాకా నెలకొక ప్రశ్నతో వస్తాడు, మరుసటి ఏడు మళ్ళీ నారు దగ్గర మొదలెడతాడు. భూమి కాగితాలదీ అదే సంగతి. 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. చట్టం మారిన ప్రతిసారీ పాత ప్రశ్నలు కొత్తగా పుడతాయి. భద్రాచలం వైపు ఏజెన్సీ గ్రామాల్లో 1/70 నిబంధన కింద ఏ అమ్మకం చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది యాభై ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. దాన్ని సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులో, ఓపికగా, తాజాగా ఉంచుతూ ఒక్కచోట చెప్పేవారు ఎందరున్నారు?

రెండోది: నువ్వు మాత్రమే చూడగలిగినది ఏమైనా ఉందా? 2021 చివర్లో మన జిల్లా మిర్చి మీద నల్ల తామర పురుగు పడింది. శాస్త్రజ్ఞులు త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించిన పరదేశీ పురుగు. పూతలో దూరి పిందెను నిలవనివ్వలేదు. కొట్టిన మందే మళ్ళీ కొట్టారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు, చివరికి తోటలు పీకేశారు. మా బావ తోట అందులో ఒకటి. ఆ నవంబరులో రైతుకు కావలసింది ఒక్క పుట: పురుగు ఫొటో, పక్కన పాత తామర పురుగు ఫొటో, ఏ మందు పని చెయ్యడం లేదు, ఏ ఊళ్ళో ఎంతవరకు వచ్చింది. ఆ పుటను రాయడానికి ఏ అమెరికా సంస్థా పూనుకోదు. పొలం గట్టున నిలబడి ఫొటో తీసేవాడు లేకపోతే ఏ కృత్రిమ మేధా దాన్ని కూర్చలేదు. మా వాడు ఆ సీజనంతా తండ్రితో పొలంలోనే ఉన్నాడు. ఫోనులో వందల ఫొటోలున్నాయి. వాడి పట్టీలో మాత్రం వ్యవసాయం అట్టడుగున ఉంది!

మూడోది: డబ్బు ఎవరిస్తారు, వాడు నీ చేత ఏ మాట అననివ్వడు? ఇది అన్నిటికంటే కఠినమైన ప్రశ్న. మిర్చి సైటు పెడితే ముందుగా తలుపు తట్టేది పురుగుమందుల వాళ్ళే. ఆ డబ్బు తీసుకున్న రోజున, ఫలానా మందు పని చెయ్యడం లేదు అనే వాక్యం ఆ పుటలో నుంచి మాయమవుతుంది. ఆ వాక్యం లేని సైటుకు రైతు రెండోసారి రాడు. కనుక నారు పెంచేవారు, డ్రిప్పు పరికరాలు అమ్మేవారు, కల్లం పట్టాలు అమ్మేవారు, శీతల గిడ్డంగులవారు, సలహా కోసం ఏడాదికి కొద్ది మొత్తం కట్టగల పెద్ద రైతులు, ఇలా పది చేతుల నుంచి కొద్దికొద్దిగా రావాలి. ఇది ఊహ అని కొట్టెయ్యకండి. అమెరికాలో వైర్‌కట్టర్ అనే సైటు 2011లో మొదలై, వస్తువులను విసుగు లేకుండా పరీక్షించి, ఇది కొనండి, అది కొనకండి అని చెప్పడమే పనిగా పెట్టుకుంది. పాఠకుడు కొన్నప్పుడు అమ్మిన దుకాణం నుంచి కమీషను వస్తుంది. 2016లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని సుమారు మూడు కోట్ల డాలర్లకు కొన్నది. అక్కడ అమ్ముడుపోయిన సరుకు పాఠకుడి నమ్మకం. అది ఏ పట్టీలోనూ కనిపించదు.

"ఇదంతా కుదరడానికి ఎన్నేళ్ళు పడుద్ది మామా?" అన్నాడు. దాచకుండా చెప్పాను: మూడేళ్ళు, ఎక్కువే కావచ్చు, అసలు కుదరకపోనూ వచ్చు. పామాయిల్ మొక్క నాటినవాడు మొదటి మూడేళ్ళు వరుసల మధ్య మొక్కజొన్నో కూరగాయలో వేసుకుని ఇల్లు గడుపుకుంటాడు. నీ కొలువు నీకు అంతర పంట. దాన్ని పీకెయ్యకు. వారానికి రెండు పుటలు రాయి. నువ్వు రాయని వారం ఎవరైనా ఫోను చేసి ఎందుకు రాయలేదని అడిగితే, ఆ రోజు కొలువు సంగతి మాట్లాడుకుందాం.

మా అక్కయ్య వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. "మిర్చి మీద పోగొట్టుకున్నది చాల్దా, మళ్ళీ కంప్యూటర్లో కూడా మిర్చేనా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంటి మీద ఆ ఏటి అప్పు ఇంకా ఉంది. బీమా, అప్పులు అన్న మాటలు ఆ పట్టీలో పైన ఎందుకు మెరిశాయో ఆ ఇంట్లో కూర్చుంటే తెలుస్తుంది. అప్పు ఉన్నవాడికి త్వరగా పండే పంట కావాలి. కాని త్వరగా పండుతుందని వేసిన పంటే ఆ అప్పును తెచ్చింది.

తిరిగి వచ్చే రోజు తల్లాడ కూడలిలో బస్సు కోసం నిలబడ్డాం. ఖమ్మం వైపు, సత్తుపల్లి వైపు, కొత్తగూడెం వైపు బస్సులు పోతున్నాయి. వాడు ఆ కాగితం తీసి, చింపుతాడేమో అనుకున్నాను. చింపలేదు. వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు మొదటి పుటకు పేరు రాసుకున్నాడు: "నారు కొనేముందు చూడవలసినవి". బాగానే ఉంది. ముందు వైపున్న పట్టీ కూడా వాడి జేబులోనే ఉందన్న సంగతి నేను మరవలేదు. ఏ వైపు గెలుస్తుందో నేను చెప్పలేను.

మీలో ఎవరికైనా మిర్చి నారు సంగతి తెలిస్తే, లేదా భూమి కాగితాల మీద తెలుగులో రాసిన అనుభవముంటే, వాడికి నాలుగు మాటలు రాయండి. ఈసారైనా నవ్వి ఊరుకోవద్దు.